చెరకు చేలో ప్రయోగశాల.. తాళం గదిలో కంప్యూటరు

బోధన్: శక్కర్‌నగర్‌లోని చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినప్పుడు కార్మికుల వేతనాలపైన, చెరకు రైతుల భవితవ్యంపైన విస్తృతంగా చర్చ జరిగింది. అదే సమయంలో జరిగిన మరో నష్టం మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. 1937లో ఏర్పడి, ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరుపొందిన నిజాం షుగర్స్ ఈ ప్రాంతపు పిల్లలకు తరాల తరబడి యంత్రశాస్త్రాన్ని కళ్లెదుట ఉంచింది. బాయిలరు అంటే ఏమిటో, ఆవిరి శక్తి చక్రాన్ని ఎలా తిప్పుతుందో బోధన్ పిల్లవాడికి పుస్తకం చూసి తెలుసుకోవలసిన అవసరం ఉండేది కాదు. తండ్రో, పెదనాన్నో, పక్కింటి మామో అక్కడ పనిచేసేవారు. ఇంట్లో అన్నం తింటూనే ఆ మాటలు వినపడేవి.

ఇప్పుడు ఆ చోటు లేదు. యంత్రాన్ని, ప్రయోగాన్ని దగ్గరగా చూసే అవకాశం పేద పిల్లలకు మిగిలింది బడిలోనే. ప్రభుత్వ పాఠశాలకు గత నాలుగు దశాబ్దాల్లో సైన్సు కిట్లు, టీవీలు, కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు, తాజాగా గోడంత తెరలు వరుసగా వచ్చాయి. అవి పిల్లల చేతికి ఎంతవరకు అందాయన్నదే ప్రశ్న.

ఒక్క కర్మాగారం.. అన్ని పాఠాలు

ఉన్నత పాఠశాలలో బోధించే భౌతిక, రసాయన శాస్త్రాల్లో అధిక భాగం చక్కెర తయారీలో ఇమిడి ఉంది. పొలం నుంచే మొదలుపెట్టవచ్చు. చెరకు పండిందా లేదా అన్నది రసంలో కరిగి ఉన్న ఘనపదార్థాల శాతాన్ని బట్టి తెలుస్తుంది. దీన్నే బ్రిక్స్ అంటారు. దీన్ని కొలిచే చేతి పరికరం రిఫ్రాక్టోమీటరు. గాజు పలకపై రెండు చుక్కల రసం వేసి వెలుతురు వైపు చూస్తే గీతలపై అంకె కనిపిస్తుంది. పండిన చెరకులో ఇది సాధారణంగా 18 లేదా అంతకు మించి ఉంటుంది. చక్కెర కలిసిన కొద్దీ రసంలో కాంతి ఎక్కువగా వంగుతుంది. పాఠ్యపుస్తకంలో ‘కాంతి వక్రీభవనం’ పేరుతో గాజు దిమ్మె, గుండుసూదులతో చెప్పే పాఠం ఇదే. ఈ పరికరం నేడు వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరుకుతోంది. ఒకే గడ మొదట, నడుమ, కొసన రసం తీసి చూస్తే మూడు వేర్వేరు అంకెలు వస్తాయి. పూర్తిగా పండని గడలో మొదలు తియ్యగా, కొస చప్పగా ఎందుకుంటుందో పిల్లలు వాదించుకోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

కోసిన చెరకును వీలైనంత వరకు 24 గంటల్లోపు గానుగాడించాలని రైతులకు చెబుతుంటారు. ఆలస్యమైతే బరువు తగ్గడం ఒక్కటే కాదు, రసంలోని సుక్రోజు విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారిపోతుంది. తీపి ఉంటుంది గాని పలుకు కట్టదు. వారం రోజులు ఎండలో ఉంచిన గడ రసాన్ని, అప్పుడే కోసిన గడ రసాన్ని పక్కపక్కనే మరగబెట్టి చూపితే ఈ రసాయన మార్పు పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. లారీలు గేటు బయట రోజుల తరబడి నిలిచిపోతే రైతులు ఎందుకు ఆందోళనకు దిగేవారో కూడా దీంతో అర్థమవుతుంది.

రసం స్వతహాగా కొంత ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. అందులో సున్నపు నీరు కలిపి వేడి చేస్తే మలినాలు పైకి తేలుతాయి. ఇది తటస్థీకరణం. బెల్లానికి పేరుపడిన కామారెడ్డి ప్రాంతంలో పెనం ముందు నిలబడి మడ్డి తీసే మనిషి చేసేదీ ఇదే పని. కర్మాగారంలో దీనికి తోడు గంధక ధూమంతో రంగును తొలగిస్తారు. ఆపైన రసాన్ని శూన్యపాత్రల్లో మరిగిస్తారు. పీడనం తగ్గితే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి దాదాపు 65, 70 డిగ్రీల వద్దే పాకం చిక్కబడుతుంది, మాడిపోదు. బహిరంగ పెనంలో వండిన బెల్లం గోధుమ రంగులోను, కర్మాగారపు చక్కెర తెల్లగాను ఉండటానికి ఇదొక కారణం. పలుకు కట్టిన పాకాన్ని నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా తిరిగే జల్లెడ డోలులో వేస్తే మొలాసిస్ బయటికి చిమ్ముతుంది, చక్కెర లోపల మిగులుతుంది. అపకేంద్ర బలానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ లేదు.

100 కిలోల చెరకు ఆడిస్తే సుమారు 10 కిలోల చక్కెర, 30 కిలోల పిప్పి, 4 నుంచి 5 కిలోల మొలాసిస్ వస్తాయి. పిప్పి బాయిలరులో మండి ఆవిరి పుట్టిస్తుంది, ఆవిరి టర్బైనును తిప్పుతుంది, టర్బైను కరెంటు ఇస్తుంది. మొలాసిస్ పులిస్తే ఇథనాల్. శక్తి రూపాంతరాలు, కిణ్వనం, కర్బన రసాయనం అన్నీ ఒకే ఆవరణలో పూర్తవుతాయి.

గణితమూ ఇందులోనే ఉంది. కేంద్రం 2025-26 సీజనుకు ప్రకటించిన గిట్టుబాటు ధర, 10.25 శాతం రికవరీ వద్ద క్వింటాలుకు 355 రూపాయలు. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3 రూపాయల 46 పైసలు అదనం. కర్మాగారం సగటు రికవరీ ఒక్క శాతం పెరిగితే 40 టన్నులు తోలిన రైతుకు ఎంత ఎక్కువ రావాలి? సమాధానం 13,840 రూపాయలు. ఏడు, ఎనిమిది తరగతుల శాతాల లెక్కను ఇలా చెప్పినప్పుడు తప్పు చేసిన పిల్లవాడిని ఇంట్లో తండ్రే సరిదిద్దుతాడు.

బోధన్ పరిసరాల్లో నేడు చెరకు విస్తీర్ణం బాగా తగ్గింది. చాలా మంది రైతులు వరి వైపు మళ్లారు. మిగిలిన చెరకు ఇతర ప్రాంతాల్లోని ప్రైవేటు కర్మాగారాలకు పోతోంది. శక్కర్‌నగర్ పునరుద్ధరణ కోసం 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీని నియమించింది. పొగగొట్టం మళ్లీ పొగ చిమ్మినా చిమ్మకపోయినా, రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. అక్కడే ఆహార విజ్ఞాన సాంకేతిక కళాశాల కూడా నడుస్తోంది. చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు ఇవి బస్సు దూరంలో ఉన్నాయి.

పసుపు కాగితం.. పిల్లకాలువ

జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో ప్రారంభమైంది. బోర్డు సంగతి అలా ఉంచితే, ఇంటింటా ఉండే పసుపు పాఠశాలకు ఉచితంగా దొరికే రసాయన సూచిక. పసుపు పొడిని నీటితో గాని, స్పిరిటుతో గాని కలిపి, అద్దుడు కాగితాన్ని ముంచి ఆరబెడితే పసుపు కాగితం సిద్ధమవుతుంది. దీనిపై సబ్బు నీరు పడితే ఎర్రబారుతుంది. నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగు వస్తుంది. ఏడో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠానికి కొనవలసింది ఏమీ లేదు. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసే అమ్మమ్మకు ఈ చర్య ఎప్పుడో తెలుసు. పేరు మాత్రమే కొత్త.

1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం కాలువలు ఈ ప్రాంతంలో చెరకుకు ప్రాణం పోశాయి. పొలం మధ్య పిల్లకాలువలో నీరు ఎంత పారుతోందో కొలవడానికి ఒక టేపు, ఎండుపుల్ల, ఫోన్‌లోని స్టాప్‌వాచ్ చాలు. 10 మీటర్లను పుల్ల 20 సెకన్లలో దాటితే వేగం సెకనుకు అర మీటరు. కాలువ వెడల్పు ఒక మీటరు, లోతు 40 సెంటీమీటర్లు అనుకుంటే సెకనుకు సుమారు 200 లీటర్లు. ఒక క్యూసెక్కు అంటే 28.3 లీటర్లు కాబట్టి ఇది 7 క్యూసెక్కులు. పైన పారే నీటి కంటే అడుగున పారే నీరు నెమ్మది గనుక అసలు లెక్క కొంత తక్కువ వస్తుంది. అది ఎంత తక్కువన్నది పెద్ద తరగతుల వారికి మంచి సమస్య. పేపర్లో రోజూ కనిపించే ‘క్యూసెక్కు’ అనే మాటకు ఇలా ఒక రూపం ఏర్పడుతుంది. ఉపాధ్యాయుడు పక్కనే ఉండాలి, ప్రధాన కాలువ జోలికి మాత్రం పోరాదు.

వచ్చినవి ఎన్నో.. నిలిచినవి కొన్నే

చేసి నేర్చుకోవడం దేశానికి కొత్త సంగతి కాదు. నిజాం షుగర్స్ ఏర్పడిన 1937లోనే వార్ధాలో గాంధీజీ చేతిపనిని చదువుకు కేంద్రంగా ప్రతిపాదించారు. నయీ తాలీం అనే ఆ ఆలోచన కాగితాలపై గౌరవంగా మిగిలింది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద ప్రాథమిక పాఠశాలలకు సైన్సు కిట్టు, గణిత కిట్టు, చిన్న పనిముట్ల పెట్టె, గ్లోబు, వాద్య పరికరాలు సరఫరా చేశారు. వాటిలో చాలా భాగం ట్రంకు పెట్టెల్లోనే ఉండిపోయింది. వస్తువు పగిలితే జవాబుదారీ ప్రధానోపాధ్యాయుడిదే కాబట్టి తాళం వేయడమే క్షేమమని భావించినవారిని పూర్తిగా తప్పుపట్టలేం. స్టాక్ రిజిస్టరులో వస్తువు భద్రంగా ఉంటే చాలు, అది వాడారా లేదా అని అడిగే కాలమ్ అందులో లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ దారిలో జరిగిన గట్టి ప్రయత్నం ఏపీపెప్. బ్రిటన్ ఆర్థిక సహాయంతో 1980ల మధ్యలో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి 1996 వరకు రాష్ట్రవ్యాప్తంగా నడిచింది. కృత్యాల ద్వారా బోధన, జట్టు పని, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసిన వాటిని గదిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలను ఉపాధ్యాయులకు నేర్పారు. సమీప పాఠశాలల ఉపాధ్యాయులు ఒకచోట చేరి పాఠాలు పంచుకునే కేంద్రాలను ఏర్పాటు చేశారు. ఆ తరం ఉపాధ్యాయుల్లో అగ్గిపెట్టెలు, చింతగింజలు, చెరకు పిప్పితో పాఠం చెప్పగలిగినవారు తయారయ్యారు. వారిలో చాలా మంది ఇప్పటికే పదవీ విరమణ చేశారు.

కంప్యూటర్ల కథ వేరు. కేంద్రం 2004లో ప్రారంభించిన పాఠశాలల ఐసీటీ పథకం కింద 2008లో ఉమ్మడి రాష్ట్రంలోని సుమారు 5 వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు గదులు వెలిశాయి. గుత్తేదారు సంస్థలే యంత్రాలు అమర్చి, బోధకులను పెట్టి, అయిదేళ్లు నడిపి అప్పగించాలన్నది ఒప్పందం. గడువు ముగియగానే బోధకులు వెళ్లిపోయారు. యంత్రాలు మిగిలాయి. మరమ్మతుకు పద్దు లేదు, కరెంటు బిల్లుకు నిధి లేదు. బ్యాటరీలు ఉబ్బి, మౌసులు పోయి, అనేక చోట్ల గదులు మూలనపడ్డాయి. రాష్ట్రం విడిపోయాక 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు ప్రారంభించింది. 2022 మార్చిలో ప్రారంభించిన ‘మన ఊరు-మన బడి’ 26,065 పాఠశాలలకు 7,289 కోట్ల రూపాయల అంచనాతో రూపొందింది. మరుగుదొడ్లు, తాగునీటితో పాటు డిజిటల్ వసతులనూ అందులో చేర్చారు. ఆ తరువాత స్పర్శతో పనిచేసే పెద్ద తెరలు ఉన్నత పాఠశాలలకు చేరాయి. ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ఇస్తామని 2024 సెప్టెంబరు 5న ప్రకటించడం ఈ మొత్తం క్రమంలో అందరి కంటే తక్కువగా గుర్తింపు పొందిన, అందరికంటే ఎక్కువగా అక్కరకొచ్చే నిర్ణయం.

తెర చేయగలిగింది.. చేయలేనిది

కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. గతిలేని వేళ అది మంచి ఏర్పాటే. కాని టీవీ పిల్లవాడి సందేహాన్ని వినదు. ఇంట్లో ఒక్కటే ఫోను, అదీ తండ్రితో పాటు పొలానికి పోయే ఫోనైతే ఆన్‌లైన్ చదువు ఎంతవరకు సాగుతుందో గ్రామాలకు అప్పుడే తెలిసింది.

విదేశాల అనుభవమూ ఇంతే చెబుతోంది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం గ్రామీణ పాఠశాలల పిల్లలకు లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వెలువడిన పరిశీలనలో గణితం, భాషల్లో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదు. దీనికి భిన్నమైన ఫలితం ఢిల్లీలో వచ్చింది. అక్కడ 2015లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలను బడి వేళల తరువాత కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో గుర్తించి ఆ స్థాయి ప్రశ్నలే ఇచ్చారు. నాలుగున్నర నెలల్లోనే గణితం, హిందీలలో స్పష్టమైన ప్రగతి నమోదైంది. కార్తీక్ మురళీధరన్ బృందం ఈ అధ్యయనాన్ని 2019లో ప్రచురించింది. యంత్రం రెండు చోట్లా ఉంది. ఢిల్లీలో మాత్రం అది పిల్లవాడి తప్పును బట్టి తదుపరి ప్రశ్నను మార్చింది. తెలంగాణలో 2025లో ఎంపిక చేసిన ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధ సాయంతో 3 నుంచి 5 తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే ప్రయత్నం మొదలైంది. దాని ఫలితాన్ని కూడా ఈ కొలమానంతోనే చూడాలి.

తెరకు తగిన పనులు లేకపోలేదు. శూన్యపాత్ర లోపల పాకం పలుకు కట్టే దృశ్యం, తిరిగే టర్బైను అంతర్భాగం, గుండె కవాటాల కదలిక.. ఇవి చేతితో ముట్టలేనివి, కంటికి ఆననివి. వీటికి వీడియోనే శరణ్యం. కాని పసుపు కాగితం ఎర్రబడటాన్ని కూడా వీడియోలోనే చూపి వదిలేయడం అన్యాయం. ముందు చెయ్యి, తరువాత తెర అన్న వరుస పాటించిన చోట రెండూ పనికొస్తాయి.

మార్కులే కొలబద్ద

ప్రయోగాలు వెనకబడటానికి ఉపాధ్యాయుల నిరాసక్తత కారణమని తేలికగా అనేస్తుంటారు. నిజానికి పరీక్ష పద్ధతే పెద్ద అవరోధం. పదో తరగతిలో ప్రత్యేకంగా ప్రయోగ పరీక్ష లేదు. 2014-15 నుంచి 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు ప్రాజెక్టులు, ప్రయోగాలు వంటి అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు. ఈ 20 మార్కులను తొలగిస్తూ 2024 నవంబరులో ఉత్తర్వులు వెలువడ్డాయి. విద్యా సంవత్సరం మధ్యలో మార్పేమిటన్న విమర్శలతో మరునాడే వాయిదా వేశారు. 2025-26లోనూ పాత విధానమే ఉంటుందని ఆ తరువాత ప్రకటించారు.

అంతర్గత మార్కులను కొన్ని ప్రైవేటు పాఠశాలలు ఉదారంగా వేసుకుంటున్నాయన్న ఆరోపణ పాతదే. ప్రాజెక్టు నివేదికలు జిరాక్స్ దుకాణాల్లో తయారవుతున్నాయన్నదీ బహిరంగ రహస్యం. అయినా వాటిని పూర్తిగా తీసివేస్తే చేతితో చేసే పనికి పరీక్షలో మిగిలే విలువ సున్నా. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972 నుంచి 2002 వరకు నడిచిన సైన్సు బోధన కార్యక్రమం దీనికి వేరే దారి చూపింది. అక్కడ పిల్లలు పుస్తకం తెరిచి పరీక్ష రాసేవారు, పరీక్ష గదిలోనే ప్రయోగం చేసి చూపేవారు. పారేసిన వస్తువులతో ఆట బొమ్మలు చేసి సైన్సు నేర్పుతూ 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తాకు తొలి బడి ఆ హోషంగాబాదే. ఆ కార్యక్రమాన్ని ప్రభుత్వం మూసివేసిన తీరు మరో సుదీర్ఘ కథ.

గోదావరి అవతల

నిజామాబాద్ జిల్లాకు గోదావరి ఆవలి ఒడ్డున, నేటి నిర్మల్ జిల్లా బాసరలో 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. పదో తరగతి ప్రతిభ ఆధారంగా గ్రామీణ విద్యార్థులను చేర్చుకుని, ల్యాప్‌టాప్ ఇచ్చి, ఆరేళ్ల సమీకృత ఇంజినీరింగు చదివించాలన్నది లక్ష్యం. సౌకర్యాల లేమిపై 2022 జూన్‌లో విద్యార్థులు రోజుల తరబడి నిరసన తెలిపారు. లోపాలు ఎన్ని ఉన్నా, కూలి కుటుంబాల పిల్లలకు ఇంజినీరింగు ద్వారం తెరిచిన సంస్థ అది. అక్కడ చేరే విద్యార్థి చేతికి అంతకు ముందు ఎప్పుడైనా స్క్రూడ్రైవరు అందిందా, మల్టీమీటరు పట్టుకున్నాడా అన్నది ఎనిమిదో తరగతిలోనే తేలే విషయం.

పాఠశాలలకు ఉన్న అవకాశాలు

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నిర్వహించే ఇన్‌స్పైర్ మానక్‌కు ఆరో తరగతి నుంచి విద్యార్థుల ఆలోచనలను పాఠశాలే ఆన్‌లైన్‌లో పంపాలి. ఎంపికైన విద్యార్థి ఖాతాలో నమూనా తయారీకి 10 వేల రూపాయలు జమ అవుతాయి. చాలా పాఠశాలలు చివరి రోజు వరకు ఆగి, ఇంటర్నెట్‌లో దొరికిన పాత నమూనాలనే పంపి తిరస్కరణకు గురవుతున్నాయి. చెరకు గడ నుంచి కన్ను సులువుగా కోసే పరికరం, పసుపు కొమ్ములను ఉడికించేటప్పుడు ఆవిరి వృథా కాకుండా చూసే మూత వంటి ఇంటి సమస్యలపై ఆలోచిస్తే కొత్తదనం దానంతటదే వస్తుంది.

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందింది. త్రీడీ ప్రింటరు, సెన్సార్లు, రోబో కిట్లు ఇందులో భాగం. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేల ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. దరఖాస్తు చేసే ముందు గదితో పాటు దాన్ని తెరిచి ఉంచే ఉపాధ్యాయుడు ఎవరో ఖాయం చేసుకోవాలి. 2008 నాటి కంప్యూటరు గదుల విషయంలో జరగనిది ఇదే.

1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక నిర్వహించే చెకుముకి సైన్స్ సంబరాలు, 1993 నుంచి జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్ తక్కువ ఖర్చుతో పాల్గొనదగినవి. బాలల సైన్స్ కాంగ్రెస్‌లో స్థానిక సమస్యపై పిల్లలే జట్టుగా సమాచారం సేకరించి నివేదిక సమర్పించాలి. పిల్లకాలువ కొలత దీనికి చక్కగా సరిపోతుంది. 2020 జాతీయ విద్యావిధానం పిల్లలు 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా 10 రోజులు సంచి లేని రోజులుగా గడిపి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి వృత్తిదారుల వద్ద పని నేర్వాలని సూచించింది. బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు మండలాల పాఠశాలలు ఆ రోజుల్లో ఒకదాన్ని క్రషింగ్ సీజనులో బెల్లం పెనం వద్ద, మరొకదాన్ని రుద్రూరు పరిశోధన స్థానంలో గడపవచ్చు. ఇందుకు ముందుగా మండల విద్యాధికారి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి పత్రం తీసుకోవాలి. రిఫ్రాక్టోమీటరు ఒకటి వెంట ఉంటే మంచిది.